సోమవారం చీటీ

"ఈ ఇంట్లో ఏ డబ్బాలో ఏటుందో ఆ సింహాద్రప్పన్నకే తెలియాలి!"

శనివారం పొద్దున్న గుణశేఖర్ టీ గ్లాసు చేత్తో పట్టుకుని, మొహం అష్టవంకర్లు తిప్పుతూ అన్న మాట ఇది. తీపి చాల్లేదని తనే వంటింట్లోకొచ్చి, హార్లిక్సు సీసాలోంచి చెంచాడు తీసి కలుపుకున్నాడు. హార్లిక్సు సీసాలో ఉన్నది ఉప్పు. పంచదార బిస్కెట్ల డబ్బాలో ఉంది. పదహారేళ్ళుగా ఉప్పు ఆ సీసాలోనే ఉంది. పదహారేళ్ళుగా ఆ ఉప్పే తింటున్న మనిషికి ఆ సంగతి తెలియకపోతే అది రోజారమణి తప్పయింది.

"పేరు రాసి అంటించడానికి ఏటి కష్టం? మా మిల్లులో పేరు లేని డబ్బా కనిపిస్తే మెమో ఇచ్చెత్తాను" అన్నాడు.

ముందు గదిలోంచి అత్తగారు సన్యాసమ్మ అందుకుంది. "రాత్తాదిరా నాయినా, పుస్తకాల్లో రాత్తాది. డబ్బాల మీద రాయడానికి దానికి టయిమేదీ?"

రోజారమణి టీ పారబోసి, గ్లాసు కడిగి, మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టింది. కోపం రాలేదా అంటే వచ్చింది. కాని కోపం కంటే ముందు భయం వచ్చింది. ఆమెకెప్పుడూ అంతే. ఎవరు ఏ వంక పెట్టినా, ముందు ఆ వంక నిజమేమోనని గుండె దడదడలాడుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో చారులో పోపు మాడిందని సన్యాసమ్మ నలుగురి ముందూ అన్న మాట, పోపు పెట్టిన ప్రతిసారీ ఈనాటికీ చెవిలో వినిపిస్తుంది. అందుకని ఆ ఇంట్లో పోపు మాడదు. ఆడపడుచు ఒకసారి వంక పెట్టినందుకు దుప్పటికి ముడత ఉండదు. కూతురు హేమశ్రీ స్కూలు రికార్డుల్లో కొట్టివేత ఉండదు, ఎందుకంటే వాటికి అట్టలేసేదీ గీతలు గీసేదీ కూడా తల్లే. 'రోజారమణి చెయ్యి పెడితే వంక పెట్టడానికుండదు' అని చుట్టాలు అంటారు. అది పొగడ్త అని ఆమె చాలాకాలం అనుకుంది.

ఇప్పుడు ఆ చెయ్యే ఆమె కొంప ముంచేలా ఉంది.

సంగతేమిటంటే, ఆరు నెలల క్రితం ఊళ్ళో లైబ్రరీలో ఆడవాళ్ళకి రెండు రోజులు రచన నేర్పుతారని తెలిసి, హేమశ్రీ స్కూల్లో మీటింగని ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్ళింది. అక్కడ అందరి చేతా అరపేజీ రాయించారు. ఒక పత్రికలో ఆదివారం ఆడవాళ్ళ పేజీ చూసే అనూరాధ ఆ అరపేజీ చదివి, కళ్ళజోడు తీసి, "మీరు నాకు వారం వారం ఒక పేజీ రాస్తారా?" అని అడిగింది. మీ పేరుతో, మీ ఫోటోతో అంది. ఆ రోజు ఇంటికి, గాజువాక దాకా బస్సులో నిలబడే వచ్చినా రోజారమణికి కాళ్ళు నొప్పెట్టలేదు.

తరవాత మొదలైంది అసలు కథ. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొంది. మొదటి వాక్యం రాసింది: 'మా వంటింటి కిటికీలోంచి సముద్రం కనబడదు.' కనబడదు బాగుందా, కనిపించదు బాగుందా? కొట్టేసి రాస్తే పేజీ అసహ్యంగా ఉంటుంది కనక చింపేసి, కొత్త పేజీలో 'కనిపించదు' అని రాసింది. 'మా' అంటే ఎవరి వంటిల్లు? అత్తగారిది కదా అంటుందేమో సన్యాసమ్మ. 'మా' తీసేసింది. ఇంతకీ సముద్రం కనబడకపోతే ఏమైంది, అది కూడా రాయవలసిన సంగతేనా అని లోపల ఎవరో అడిగారు. మళ్ళీ చింపింది. ఆ పుస్తకం ఇప్పుడు సగానికి చిక్కింది. అందులో రాసిన పేజీ ఒక్కటీ లేదు.

"బాగా రాయక్కర్లేదండీ, రాయండి చాలు. రోజూ ఒకే టైముకి కూర్చోండి, అదే అలవాటైపోతుంది" అని అనూరాధ మంచి మనసుతోనే చెప్పింది. ఒకే టైము! గుణశేఖర్ ఆటోనగర్‌లో ఇనప కడ్డీలు తీసే రోలింగ్ మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఒక వారం పొద్దున్న ఆరింటికి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం రెండింటికి, ఒక వారం రాత్రి పదింటికి. ఆయన డ్యూటీ మారితే ఇంట్లో సూర్యుడు మారినట్టే. ఈ వారం పదకొండింటికి దొరికిన గంట వచ్చే వారం పదకొండింటికి ఆయన నిద్ర. ఆయన నిద్రపోతుంటే మిక్సీ వెయ్యకూడదు, గిన్నె చప్పుడవకూడదు, పేజీ చింపినా చప్పుడే. టైము కుదరడం లేదని ఒకసారి నోరు జారితే, "ఆడలేక మద్దెల ఓడన్నాదట" అని అత్తగారు పక్కింటావిడతో అంది.

చివరికి అనూరాధ ఒక గడువు పెట్టింది. అది దాటి రెండు వారాలైంది. ఈ శనివారం టీ గొడవైన గంటకే అనూరాధ ఫోను చేసింది.

"రోజారమణి గారూ, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి పేజీ కట్టేస్తాం. రెండుసార్లు మీకోసం ఆపాను. ఈసారి రాకపోతే ఆ జాగా వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. కోపంతో కాదండీ, పేజీ ఖాళీగా వదలలేం కదా."

"పంపిస్తానండీ. తప్పకుండా పంపిస్తాను" అంది రోజారమణి.

మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ గుణశేఖర్ అల్మారాలోంచి లావుపాటి ఫైలొకటి తీసి భోజనాల బల్ల మీద పడేశాడు. దారం కట్టిన, అంచులు నలిగిన ఫైలు.

"ఇదిగో రమణీ, చీటీలన్నీ దాచేను. సేఫ్టీ వారోత్సవాలకి బుక్కు వేత్తారట, నా ఫోటోతో. మంచివి ఓ నలభై ఏరి, తప్పుల్లేకుండా ఫెయిర్ చేసి పెట్టు. సోమవారం ఆఫీసులో ఇచ్చెయ్యాలి."

చీటీలంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మిల్లులో ప్రతి సోమవారం, షిఫ్టు ఎక్కే ముందు, ఇన్‌ఛార్జి తన మనుషుల్ని నిలబెట్టి ఐదు నిమిషాలు జాగ్రత్తలు చెప్పాలి. పదకొండేళ్ళ క్రితం గుణశేఖర్ కొత్తగా ఇన్‌ఛార్జి అయినప్పుడు, నలుగురిలో నోరు పెగలక, "ఏదో నాలుగు ముక్కలు రాసివ్వవే" అని భార్యని అడిగాడు. రాసిచ్చింది. ఆ సోమవారం అందరూ బుద్ధిగా విన్నారట. అప్పట్నుంచి ఆదివారం సాయంత్రం "హెల్మెట్టు గురించి" అనో, "గ్యాస్ సిలిండర్లు" అనో ఒక మాట ఆయన అనడం, కందిపప్పు ఉడికేలోగా ఆమె పొయ్యి దగ్గర నిలబడే రాసెయ్యడం. క్యాలెండరు కాగితం చింపి దాని వెనకాల, లేకపోతే గ్యాసు బిల్లు వెనకాల. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మిల్లులో అందరి ముందూ విప్పి, అక్కడే మొదటిసారి చదువుతాడు. ముందుగా చదువుకున్నది లేదు. ఆ చీటీల పుణ్యాన మంచి ఉపన్యాసకుడని పేరొచ్చి, ఏటేటా ఒక బహుమతి తెస్తాడు. ఆ ఇంట్లో హాట్‌బాక్సులు అయిదు, గోడ గడియారాలు మూడు ఉన్నాయి.

రోజారమణి ఫైలు వంక చూసింది. సోమవారం. రెండూ సోమవారమే.

"నాకూ సోమవారానికి ఒకటి రాసి పంపాలండీ, పత్రికకి."

"ఎన్నాళ్ళ నుంచో రాత్తన్నావు కదా అది. ఇది ముందు కానీ" అని ఆయన బండి స్టార్టు చేశాడు.

ఆదివారం పొద్దున్న ఆయన క్షవరానికి వెళ్ళినప్పుడు వరహాలు వచ్చాడు. గుణశేఖర్ షిఫ్టులో కాంట్రాక్టు మనిషి, యాభై దాటినవాడు. జాలరిపేట వెళ్తే తనకి కూడా చేప పట్టుకురమ్మని సారు చెప్పారట. వంజరం ముక్కల సంచీ గుమ్మంలో పెట్టి, మంచినీళ్ళు అడిగాడు. భోజనాల బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. ఆమె పొద్దుట్నుంచీ తొమ్మిది చీటీలు ఫెయిర్ చేసింది. తన పేజీ మొదలుపెట్టలేదు.

"ఇయ్యి సోమారం మాటలు కాదేటమ్మా!" అన్నాడు వరహాలు, దగ్గరికి రాకుండానే, గుడిలో విగ్రహాన్ని చూసినట్టు చూస్తూ. "బుక్కు వేత్తన్నారట కదా. మా గుంట, అదే నా కూతురు, దాని దగ్గిర అప్పుడే ఉందమ్మా బుక్కు. నాను సోమారం ఇంటికెళ్ళి సారేటి సెప్పినారో సెప్తాను, అది నోటుబుక్కులో ఎక్కిత్తాది. నాలుగేళ్ళయింది."

"ఎందుకు వరహాలన్నా?"

వరహాలు కుడి చెయ్యి ముందుకి చాపాడు. అయిదు వేళ్ళూ విప్పి, ముడిచి చూపించాడు.

"ఇదున్నాది కదా, అందుకు. మా గుంట పుట్టినప్పుడు పైడితల్లమ్మ జాతరలో కట్టించుకున్న తాడమ్మా, ఏళ్ళకేళ్ళు మణికట్టుకే ఉన్నాది. ఇప్పీమని ఆఫీసర్లు ఎన్నిసార్లు సెప్పినా ఇన్నేదు. అమ్మోరి తాడు ఎవుడైనా ఇప్పుతాడేటి? ఓ సోమారం సారు సదివినారు. 'తాడు పారీవద్దు. తీసి మొలతాడుకి కట్టుకోండి. సేతికున్నా నడుముకున్నా అమ్మవారు ఒక్కలాగే సూత్తాది. రోలరు అలాగ సూడదు' అన్నారు. అంతే, ఆ పూటే మార్సీసినాను. ఆ బేస్తారమే రోలరు నా సొక్కా సెయ్యి లాగీసింది. సొక్కా పర్రున సిరిగింది, నాను బయటపడ్డాను. తాడుంటే సిరుగుతాదేటమ్మా?"

రోజారమణి ఫైలు దగ్గరికి లాక్కుంది. "ఆ చీటీలో... ఏవైనా తప్పులుండేవా? మాట తడబడ్డం, సగంలో ఆగిపోవడం?"

"తప్పులేటమ్మా? సదివినారు, మాకినిపించింది. అంతకంటే ఏటి గావాల?" అని గ్లాసు బోర్లించి, "సారుది గొప్ప సెయ్యి" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె చేపలు ఫ్రిజ్‌లో పెట్టడం కూడా మర్చిపోయి ఆ ఫైలు ముందు కూర్చుంది. ఆ చీటీ దొరకడానికి అరగంట పట్టింది. గ్యాసు బిల్లు వెనకాల రాసింది. మూడు కొట్టివేతలు. ఒక మూల పసుపు మరక. మొలతాడు అనే మాటలో ఒక అక్షరమే ఎగిరిపోయింది. ఆ వారం గ్రైండరులో తన గాజు ఇరుక్కుని, చెయ్యి వెనక్కి లాక్కోలేక, గాజు పగలగొట్టుకోవలసి వచ్చింది. ఆదివారం పూట గాజు పగిలిందేమిటే అని అత్తగారు సణిగింది తప్ప, చెయ్యెలా ఉందని అడగలేదు. తీసెయ్యమంటే ఎవరూ తియ్యరు, చోటు మార్చమంటే మారుస్తారేమో అని అప్పుడే తట్టింది. ఆ చీటీ కనీసం పూర్తి కూడా కాలేదు. హేమశ్రీకి నూట మూడు జ్వరం ఆ రోజు. చివర్న గబగబా 'మిగతాది వచ్చే వారం' అని రాసి మడిచి ఇచ్చేసింది. తరవాతి చీటీ 'పోయిన వారం మాట మధ్యలో ఆగింది కదా' అని మొదలైంది.

మిగతాది వచ్చే వారం! రోజారమణి ఆ మాటని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇంత తేలిగ్గా ఎలా రాసింది తను? మిగతా చీటీలు తిరగేసింది. రాత్రి డ్యూటీ వారాలవి ఉన్నాయి, పండగ వారాలవి ఉన్నాయి. నాన్న పోయినప్పుడు ఊరి నుంచి తిరిగొస్తూ బస్సులో రాసిన చీటీ ఉంది, అక్షరాలు గోతుల్లో పడి లేచాయి: 'ఇంట్లో చావు జరిగి వచ్చినవాణ్ణి మెషిన్ దగ్గర ఒంటరిగా వదలొద్దు. వాడు బాగానే ఉన్నానంటాడు. నమ్మొద్దు.' అది తన గురించే. తనని ఎవరూ అడగకపోతే, ఊరూ పేరూ తెలియని ఇరవై మంది మగవాళ్ళకి ఆ మాట పంపించింది. పదకొండేళ్ళలో ఒక్క సోమవారం తప్పలేదు. రాసే అలవాటు లేదు, అలవాటు పడ్డం లేదు అని ఆరు నెలలుగా లోపల్లోపల ఏడుస్తున్నది ఈ మనిషేనా?

మరి తన పేరుతో ఒక్క పేజీ ఎందుకు రాదు? సమాధానం తెలుస్తూనే ఉంది, ఒప్పుకోవడానికి సిగ్గేసింది. చీటీలో తప్పుంటే అది గుణశేఖర్ తప్పు. ఆయన తడబడితే ఎవరూ పట్టించుకోరు, మగవాడు, పనిలో ఉన్నాడు అనుకుంటారు. తన పేరుతో కాగితం ముందు కూర్చుంటే మాత్రం గదినిండా మనుషులు. పోపు మాడిందన్న అత్తగారు, ముడత చూసిన ఆడపడుచు, ఉప్పు నోట్లో వేసుకున్న మొగుడు. అందరికీ ముందే జవాబు చెప్పుకోవాలి, అందరికీ నచ్చే వాక్యం కావాలి. అటువంటి వాక్యం ఏ భాషలోనూ ఉండదు. వంకలేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందంటారు. తను ఆ డొంక దగ్గరే కూర్చుని, దానికి రచన మీద ప్రేమ అని పేరు పెట్టుకుంది. అది ప్రేమ కాదు, భయం. పదహారేళ్ళుగా వంటింట్లో నేర్పిన భయం.

మధ్యాహ్నం చేపల పులుసు కలుపుకుంటూ గుణశేఖర్ అడిగాడు. "ఎన్నయ్యాయి ఫెయిరు?"

"తొమ్మిది."

"ఏటే, ఇంత స్లో అయితే ఎలాగ? అన్నట్టు ముందుమాట కూడా రాసెయ్యి. చివర్న నీ గురించి ఓ లైను రాసుకో. 'నా శ్రీమతి సహకారం మరువలేనిది' అని. అలాటివి నాకు రావు."

తనకి తనే కృతజ్ఞతలు రాసుకోవాలి. సొమ్మొకరిది సోకొకరిది అని విన్నాం గాని, సోకు కూడా సొమ్మున్నవాళ్ళే దిద్దిపెట్టడం ఈ ఇంట్లోనే ఉంది. రోజారమణి అన్నం కెలుకుతూ, గొంతు మామూలుగా ఉండేలా జాగ్రత్తపడుతూ అడిగింది.

"రాసింది నేనని వెయ్యచ్చు కదండీ?"

గుణశేఖర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. చెడ్డవాడు కాడు, ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు అంతే. "చీటీలు రాయడం కూడా రాయడమేటి? పాయింట్లు నావి కదా, నువ్వు సెంటెన్సులు పెట్టావు. అయినా మిల్లులో ఆడదాని మాట ఎవడింటాడు?"

"మొగుడి పేరొకటీ పెళ్ళాం పేరొకటీనేటే?" అంది సన్యాసమ్మ ముల్లు తీసి పక్కన పెడుతూ.

హేమశ్రీ తల్లి మొహంలోకి చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. కంచం తీసి తనే కడిగి బోర్లించింది.

సాయంత్రం దాకా నోటుపుస్తకం ముందు కూర్చున్నా ఏమీ కదల్లేదు. 'మా వంటింటి కిటికీ' దగ్గరే ఉంది. ఆరు కొట్టింది, ఒకదాని తరవాత ఒకటి మూడు గడియారాలూ. హాల్లోంచి గుణశేఖర్ కేకేశాడు. "రమణీ, రేపటి చీటీ మర్చిపోకు! ఈసారి పేరు లేని డబ్బాల గురించి రాయి. మా వాళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో ఆసిడ్ పోసి పెడతన్నారు."

"రాస్తానండీ" అంది. లేచి పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. అలవాటుగా క్యాలెండరు కాగితం చింపింది. పెన్ను చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది. పప్పు ఉడకడానికి పావుగంట. చీటీకి పది నిమిషాలు చాలు, రాత్రి భోజనం ముందు ఎప్పుడైనా అవుతుంది. ఈ పావుగంట తనది.

కూర్చోలేదు. కూర్చుంటే గది నిండుతుందని తెలుసు. గట్టు మీద కాగితం పెట్టుకుని, వరహాలు కూతురు ఒక నోటుబుక్కు ముందేసుకుని ఎదురుగా కూర్చుందనుకుని, రాసింది. 'మా వంటింటి కిటికీలోంచి సముద్రం కనబడదు. ఓడ కూత వినిపిస్తుంది. అది వినగానే నేను చెయ్యి తుడుచుకుంటాను, ఎవరో పిలిచినట్టు.' నాలుగో లైనులో ఒక మాట నచ్చలేదు. కొట్టేసింది. చింపలేదు. కొట్టేసిన మాట పక్కనే ఇంకో మాట పెట్టింది, అదీ అంత బాగాలేదు, అయినా ముందుకెళ్ళింది. గాజు గురించి రాసింది. పోపు గురించి రాసింది. క్యాలెండరు నుంచి రెండో కాగితం తీసింది. మూడో కాగితం సగంలో ఉండగా కుక్కరు మూడో విజిలు వేసింది. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. పొయ్యి కట్టేసి, చివర్న 'మిగతాది వచ్చే వారం' అని రాసింది.

ఆ తరవాత ఇంకో కాగితం చింపి, సోమవారం చీటీ రాసింది. దానికి పది నిమిషాలు పట్టలేదు. మడవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

సోమవారం తెల్లవారి అయిదుంబావుకి గుణశేఖర్ బూట్లు వేసుకున్నాడు. హాట్‌బాక్సు సంచీలో పెట్టింది. "ఫైలేదీ?" అన్నాడు.

"అవలేదండీ. సాయంత్రం మాట్లాడదాం."

"ఏటి మాట్లాడేది? సరే, రేపిత్తానని చెప్తాలే" అని విసుక్కుని, చీటీ అందుకుని, ఎప్పట్లాగే మడత విప్పకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండి గేటు దాటబోతుంటే ఆమె చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

"ఏవండీ!"

"ఏటి?"

ఆమె గేటు పట్టుకుంది. "చీటీ ఒకసారి చదువుకుని వెళ్ళండి."

ఆయన నవ్వాడు. "పదకొండేళ్ళలో ఎప్పుడైనా చదివేనేటి ముందుగా? నువ్వు రాస్తే తప్పుంటాదా?" అని వెళ్ళిపోయాడు.

ఆమె వంటింట్లోకి వచ్చి, మూడు కాగితాలకీ ఫోటోలు తీసింది. కొట్టివేతలు, పప్పు చుక్క, అన్నీ పడ్డాయి. అనూరాధకి పంపింది. ఒక టిక్కు పడింది. రెండో టిక్కు పడింది. రెండో కాగితంలో ఒక అక్షరం తప్పుందని అప్పుడే కనిపించింది. తీసెయ్యడానికి ఇంకా వీలుంది. వేలు అక్కడిదాకా వెళ్ళింది. ఫోను బోర్లించేసి, క్యాలెండరు కాగితం ఇంకొకటి చింపి, వచ్చే వారానిది మొదలుపెట్టింది. ఎందుకంటే ఇంకేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

గడియారం ఆరు కొట్టింది. ఇప్పుడు వాళ్ళు వరసగా నిలబడతారు. వరహాలు ముందు వరసలో ఉంటాడు. ఆరూ అయిదు. ఇప్పుడు ఆయన గొంతు సవరించుకుని, చీటీ విప్పి, పెద్దగా చదువుతుంటాడు:

'ఈ వారం మాట, పేరు లేని డబ్బా. లోపల నీళ్ళున్నాయో ఆసిడ్ ఉందో తెలియని డబ్బా ముట్టుకోవద్దు. పేరు లేకపోతే ఒక ప్రమాదం. లోపల ఒకటుండి పైన ఇంకొకటని రాసి ఉంటే అంతకంటే ప్రమాదం. మా ఇంట్లో హార్లిక్సు సీసాలో ఉప్పుంటుంది, శనివారం నేనే తాగాను. ఏ డబ్బా మీదైనా లోపల ఉన్నదాని పేరే ఉండాలి. పదకొండేళ్ళుగా మీరు సోమవారం సోమవారం వింటున్న డబ్బా మీద నా పేరుంది. లోపల ఉన్నది నా భార్య రోజారమణి. రాసింది ఆవిడ. చదివింది నేను.'

ఆరూ తొమ్మిదికి ఫోను మోగింది. ఆయన ఆ వేళప్పుడు ఎన్నడూ ఫోను చెయ్యలేదు. అది ఆయనో, అనూరాధో, తిప్పి చూడలేదు. చెయ్యి అదిరి, రాస్తున్న మాట మీద పెన్ను గీత అడ్డంగా పోయింది. రోజారమణి ఆ మాట కొట్టేసి, పక్కనే మళ్ళీ రాసి, వాక్యం పూర్తి చేసింది. ఫోను ఇంకా మోగుతూనే ఉంది.